శూన్యపీఠం - ప్రతినాయక కల్పన: 'డార్క్ సోల్స్' అభిమాన సిద్ధాంతాలు, అలంపురం స్థల ఐతిహ్యం

ప్రవేశిక

ఒక చోట కనిపించే శిథిలానికో, వింత ఆకృతికో, ఊరి పేరుకో కారణం చెప్పే కథను స్థల ఐతిహ్యం అంటారు. ఇటువంటి కథకు సాధారణంగా కర్త ఎవరో తెలియదు. దాని వెనుక ఒక ప్రశ్న మాత్రం స్పష్టంగా ఉంటుంది. గుడి ఎందుకు పూర్తికాలేదు? గర్భాలయం ఎందుకు ఖాళీగా ఉంది? 'ఎందుకు' అన్న ప్రశ్న 'ఎవరి వల్ల' అన్న ప్రశ్నగా మారిన చోట ప్రతినాయకుడు పుడతాడు.

వీడియో గేమ్‌ల చుట్టూ ఇటీవల ఏర్పడిన వ్యాఖ్యాన సంప్రదాయంలోనూ ఈ ప్రక్రియే కనిపిస్తుంది. 2011లో వెలువడిన 'డార్క్ సోల్స్' చీకటి ఛాయలున్న అద్భుత కాల్పనిక గేమ్. అందులో చెప్పకుండా వదిలిన పూర్వకథను ఆడేవారు శిథిలాల ఆధారంగా, వస్తువుల వర్ణనల ఆధారంగా ఊహిస్తారు. ఈ ఊహలకే అభిమాన సిద్ధాంతాలని పేరు. వీటిని జోగులాంబ గద్వాల జిల్లాలోని అలంపురం ఆలయాల ఐతిహ్యంతో కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. లేమి నుంచి ప్రతినాయకుని ఊహించే తర్కం ఎంతవరకు ప్రమాణమో, ఎక్కడి నుంచి కల్పనో నిర్ణయించడం దీని లక్ష్యం.

1. చెప్పని కథ - అర్థాపత్తి

'డార్క్ సోల్స్' ను జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ నిర్మించింది. దర్శకుడు హిదెతాకా మియజాకి. చిన్నతనంలో తనకు పూర్తిగా అర్థంకాని అద్భుతకథల పుస్తకాలు చదువుతూ, తెలియని భాగాలను బొమ్మల సాయంతో ఊహించుకునేవాడినని ఆయన చెప్పుకున్నారు. ఆ పఠనానుభవమే ఈ గేమ్ కథన పద్ధతిగా మారింది. ఇందులో కథ మొత్తాన్ని వరుసగా వినిపించే కథకుడు లేడు. ఆరంభంలో కొద్దిపాటి పురాణకథ వినిపిస్తుంది. ఆ తరువాత కథంతా ముక్కలుగానే దొరుకుతుంది. ఒక ఉంగరం గురించి రెండు వాక్యాలు, ఒక కత్తి గురించి మూడు వాక్యాలు, ఒక హాలులో విరిగిన విగ్రహం, ఒక సమాధి పక్కన వదిలిన వస్తువు మాత్రమే ఆధారాలు.

ఈ ముక్కలను కలిపే తర్కాన్ని మీమాంసకులు చెప్పిన అర్థాపత్తి ప్రమాణంతో అర్థం చేసుకోవచ్చు. తెలిసిన విషయం మరో విధంగా పొసగనప్పుడు, దాన్ని పొసగించడానికి తెలియని విషయాన్ని అంగీకరించడమే అర్థాపత్తి. బతికి ఉన్నాడని తెలిసిన దేవదత్తుడు ఇంట్లో లేకపోతే బయట ఉన్నాడని గ్రహించడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇక్కడ రెండు నియమాలు గమనించదగినవి. మొదటిది, దేవదత్తుడు బతికి ఉన్నాడన్న జ్ఞానం ముందే ఉండాలి. అది లేకపోతే ఇంట్లో లేకపోవడం దేనినీ నిరూపించదు. రెండవది, అర్థాపత్తి వల్ల అతడు బయట ఉన్నాడని మాత్రమే తెలుస్తుంది. ఏ ఊళ్లో ఉన్నాడో, ఎవరి ఇంట్లో ఉన్నాడో తెలియదు. అభిమాన సిద్ధాంతాల బలాన్ని, బలహీనతను ఈ రెండు నియమాలతో కొలవవచ్చు.

2. చరిత్ర నుంచి తొలగించిన కుమారుడు

'డార్క్ సోల్స్' లోకానికి ప్రభువు గ్విన్. అతనికి ఒక జ్యేష్ఠపుత్రుడు ఉండేవాడని, యుద్ధదేవత అయిన అతడు తన దైవత్వాన్ని కోల్పోయాడని, అతని పేరును చరిత్ర నుంచి తొలగించారని ఒక ఉంగరం వర్ణన చెబుతుంది. గేమ్‌లో అతడు కనిపించడు. సూర్యకాంతి వేదిక దగ్గర ధ్వంసమైన విగ్రహం ఉంటుంది. గ్విన్ సమాధి దగ్గర మెరుపుశక్తికి సంబంధించిన ఒక మంత్రం దొరుకుతుంది. అది తండ్రికి కొడుకు వదిలిన చివరి వీడ్కోలని దాని వర్ణన సూచిస్తుంది.

ఇక్కడ మొదటి నియమం నెరవేరింది. కుమారుడు ఉండేవాడన్న సంగతి గేమ్ పాఠంలోనే ఉంది. విరిగిన విగ్రహం అతనిదై ఉండవచ్చన్న ఊహకు అది ఆధారమిస్తుంది. అయితే ఆడేవారు అక్కడ ఆగలేదు. సూర్యుని వెతుకుతూ తిరిగే సొలేర్ అనే యోధుడే ఆ కుమారుడన్న సిద్ధాంతం విస్తృతంగా ప్రచారం పొందింది. అతని వస్త్రంపై సూర్యచిహ్నం ఉండటం, అతడు మెరుపు ఆయుధాలు వాడటం, సూర్యయోధుల బృందానికి చెందినవాడు కావడం దీనికి ఆధారాలుగా చూపారు. ఈ ఆధారాలన్నీ భక్తునికీ వర్తిస్తాయి. దేవుని చిహ్నం ధరించినంత మాత్రాన భక్తుడు దేవుడు కాడు. వేరే విధంగానూ పొసగే విషయం అర్థాపత్తికి ఆధారం కాలేదు.

2016లో వచ్చిన 'డార్క్ సోల్స్ 3' లో పేరులేని రాజు అనే పాత్ర కనిపిస్తుంది. పూర్వం డ్రాగన్లను వేటాడిన యుద్ధదేవత, తరువాత సర్వం వదులుకుని ఆ డ్రాగన్ల పక్షాన చేరాడని ఆ పాత్రకు సంబంధించిన వర్ణన చెబుతుంది. గ్విన్ కుమారుడితనేనని గేమ్ స్పష్టంగా ప్రకటించలేదు. సూచన మాత్రం చాలా బలంగా ఉంది. దీనితో సొలేర్ సిద్ధాంతం దాదాపుగా వీగిపోయింది. ఒక కుమారుడు ఉండేవాడన్న మొదటి నిర్ణయం మాత్రం చెక్కుచెదరలేదు. లేమి వల్ల ఒకరు ఉండేవారని తేలింది. ఆ ఒకరి పేరు ఆ లేమి నుంచి తేలలేదు.

3. గ్విన్: త్యాగమూర్తియా, ప్రతినాయకుడా?

ప్రతినాయకుని నిర్ణయించడంలో చెప్పేవారి పాత్ర ఎంతటిదో గ్విన్ విషయంలో స్పష్టమవుతుంది. ఆరిపోతున్న అగ్నిని నిలబెట్టడానికి అతడు తనను తాను ఇంధనంగా అర్పించుకున్నాడు. ఫ్రాంప్ట్ అనే సర్పం దీన్ని మహాత్యాగంగా చెప్పి, ఆడే వ్యక్తిని అతని వారసునిగా నిలవమంటుంది. కాత్ అనే మరో సర్పం దీన్నే భయంగా చెబుతుంది. చీకటియుగం, మానవుల కాలం వస్తుందని జడిసి గ్విన్ సహజ పరిణామాన్ని అడ్డుకున్నాడన్నది దాని వాదం. క్రియ ఒక్కటే. సంకల్పం మారేసరికి త్యాగమూర్తి ప్రతినాయకుడవుతాడు. ఇద్దరు వక్తలకూ స్వప్రయోజనం ఉంది కాబట్టి ఎవరి మాటనూ ఆప్తవాక్యంగా గ్రహించలేము.

ఈ అనిశ్చితి రచయితల సంకల్పం. ఖాళీలను ఒకరు ఉద్దేశపూర్వకంగా వదిలారు. తరువాత వచ్చే గేమ్ వాటిని పూరించవచ్చు, పూరించకపోవచ్చు. సిద్ధాంతం తప్పయినా నష్టపోయే వ్యక్తి గానీ, వర్గం గానీ ఉండరు. ఐతిహ్యానికి ఈ సౌలభ్యం లేదు.

4. అలంపురం: రెండు లేములు, ఇద్దరు ప్రతినాయకులు

అలంపురం తుంగభద్ర ఒడ్డున ఉన్న క్షేత్రం. శ్రీశైలానికి పశ్చిమద్వారంగా, అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటిగా ప్రసిద్ధి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మాలయాలు బాదామి చాళుక్యుల కాలానివి. స్వర్గబ్రహ్మాలయం వినయాదిత్యుని పాలనాకాలంలో, అంటే 681-696 మధ్య నిర్మితమైనట్లు అక్కడి శాసనం వల్ల తెలుస్తుంది. ఈ ఆలయాల పేర్లలో బ్రహ్మ ఉన్నా పూజలందుకునేది శివుడు. తారకబ్రహ్మాలయ గర్భగృహంలో మూర్తి లేదు. అర్కబ్రహ్మాలయం శిథిలమైంది. చూసేవారిలో ప్రశ్నలు పుట్టడానికి ఇవి చాలు.

జవాబుగా రససిద్ధుని కథ వచ్చింది. కాశీలో పుణ్యవతి అనే భక్తురాలికి శివానుగ్రహం వల్ల పుట్టిన కుమారుడు అలంపురం వచ్చి తపస్సు చేస్తాడు. దైవకృపతో రసాన్ని సాధించి, లోహాన్ని బంగారంగా మార్చి ఆలయాలు కట్టిస్తాడు. విలసద్రాజు ఆ రసంపై ఆశపడి సైన్యంతో వస్తాడు. నిర్మాణానికి విఘ్నం కలుగుతుంది. చెప్పేవారిని బట్టి వివరాలు మారినా, రసం మీద రాజుకు కలిగిన ఆశ మాత్రం కథకు ఇరుసుగా నిలుస్తుంది.

ఈ కథ ఒకేసారి రెండు ప్రశ్నలకు జవాబిస్తుంది. నది ఒడ్డున ఇన్ని రాతి గుళ్లకు సొమ్ము ఎక్కడిది? రససిద్ధి వల్ల వచ్చింది. మరి కొన్ని ఎందుకు వెలితిగా ఉన్నాయి? రాజు లోభం వల్ల. ఆలయ నిర్మాణ కీర్తి సాధారణంగా రాజుకు దక్కుతుంది. ఈ కథ దాన్ని తండ్రి ఎవరో తెలియని సాధకునికి ఇచ్చి, రాజును ప్రతినాయకుని స్థానంలో నిలిపింది. శాసనం చెప్పే కథకు ఐతిహ్యం చెప్పే కథ సరిగ్గా తలకిందులు. జానపదుని రాజనీతి విమర్శ ఇందులో ఉంది. ఐతిహ్యం విలువ ఆ విమర్శలో ఉంది గానీ, గుడి కట్టిన సంవత్సరం చెప్పడంలో లేదు.

రససిద్ధుడు కేవలం స్థానిక కల్పన కాదనడానికి ఆధారముంది. నిత్యనాథసిద్ధుని 'రసరత్నాకరం' శ్రీశైల పరిసరాలను రసవిద్యకు అనువైన స్థలాలుగా వర్ణించింది. బ్రహ్మాలయాల తొమ్మిది పేర్లు ఓషధుల పేర్లన్న వ్యాఖ్య కూడా ఈ వాతావరణంలో పుట్టిందే. అయితే ఆ ప్రాంతంలో రసవిద్యా సంప్రదాయం ఉందన్నది ఒక నిర్ణయం. ఈ గుళ్లను రససిద్ధుడే కట్టాడన్నది మరొకటి. మొదటిదానికి గ్రంథాధారం ఉంది. రెండవది సొలేర్ సిద్ధాంతం వంటిది.

తారకబ్రహ్మాలయం విషయంలో అర్థాపత్తి మొదటి నియమమే నెరవేరదు. గర్భగృహం ఖాళీగా ఉందన్నది ప్రత్యక్షం. అక్కడ ఒకప్పుడు మూర్తి ప్రతిష్ఠ జరిగిందన్నది ముందుగా తెలియాలి. అది తెలియకుండా 'ఎవరు తొలగించారు' అని అడగడం, దేవదత్తుడు బతికి ఉన్నాడో లేదో తెలియకుండా అతడు ఏ ఊళ్లో ఉన్నాడని అడగడమే.

అలంపురంలో రెండవ లేమి జోగులాంబకు సంబంధించినది. ప్రాచీన ఆలయం ధ్వంసమైందని, దేవి మూర్తి చాలాకాలం బాలబ్రహ్మాలయంలో పూజలందుకుందని క్షేత్రకథనం. ఈ ధ్వంసాన్ని 1390 ప్రాంతపు బహమనీ దాడికి ఆపాదిస్తారు. నూతన ఆలయం 2005లో పూర్తయింది. ఈ కథనంలో ప్రతినాయకుడు లోభి అయిన రాజు కాదు, దండెత్తి వచ్చిన సుల్తాను.

ఇద్దరు ప్రతినాయకులూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. విలసద్రాజు నవబ్రహ్మాలయాల వెలితికి, బహమనీ సైన్యం జోగులాంబ ఆలయ ధ్వంసానికి కారణాలుగా చెప్పబడుతున్నారు. అన్ని శిథిలాలకూ ఒక్కడే కారకుడన్న నిర్ణయానికి రావడం కథనంగా ఆకర్షణీయమే. అభిమాన సిద్ధాంతాలలోనూ ప్రతి విరిగిన రాయినీ ఒకే ప్రతినాయకునికి ముడిపెట్టే ధోరణి బలంగా ఉంటుంది. అక్కడ దానివల్ల హాని లేదు. ఇక్కడ ఆ ముడి చరిత్రలో జీవించిన మనుషులకు, నేడు జీవిస్తున్న వర్గాలకు తగులుతుంది. వరదకు, కాలానికి, అసంపూర్ణ నిర్మాణానికి చెందవలసిన వెలితిని కూడా ఒక వ్యక్తి ఖాతాలో రాయడం ఐతిహ్యానికీ న్యాయం చేయదు, చరిత్రకూ న్యాయం చేయదు. విలసద్రాజు కథను పక్కకు నెట్టి ఆ స్థానంలో సుల్తానును నిలిపితే, రాజలోభంపై జానపదుడు చేసిన విమర్శ కూడా చెరిగిపోతుంది.

5. చోటు మారిన రాయి

గ్విన్ సమాధి దగ్గర దొరికే మంత్రం వేరే చోట దొరికి ఉంటే దాని అర్థం ఇంత నిండుగా ఉండేది కాదు. వర్ణన ఎంత ముఖ్యమో, వస్తువు దొరికిన చోటు అంతే ముఖ్యం. స్థల ఐతిహ్యానికి ఇది మరింతగా వర్తిస్తుంది. గత శతాబ్ది చివరి పాదంలో శ్రీశైలం జలాశయం ముంపు కారణంగా కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, అలంపురంలో తిరిగి నిర్మించారు. పాపనాశి ఆలయ సముదాయమూ తరలింది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని సోమశిల, జటప్రోలు ప్రాంతాల ఆలయాలదీ ఇదే చరిత్ర.

రాళ్లు దక్కాయి. సంగమం దగ్గర ఉండటం వల్ల 'సంగమేశ్వరుడు' అన్న పేరుకు కలిగిన అర్థం మాత్రం సంగమం దగ్గరే ఉండిపోయింది. ఒకే ప్రాంగణంలో ఉన్నవి మొదటి నుంచీ ఒకచోటివేనని చూసేవారు భావించడం సహజం. తరలివచ్చిన గుడి అంచులోని అతుకు, విరిగిన శిల్పం రేపు మరో ప్రతినాయకుని కథకు ఆధారం కావచ్చు. ఆ మార్పుకు కారణం సుల్తానూ కాదు, విలసద్రాజూ కాదు. ఒక ఆనకట్ట.

అందువల్ల ఈ ప్రాంతపు ఐతిహ్యాలను సేకరించేవారు కథతో పాటు కథ చెప్పిన చోటును, ఆ రాయి పూర్వం ఉన్న చోటును, తరలింపునకు ముందు అక్కడివారు చెప్పుకున్న పాఠాన్ని విడివిడిగా నమోదు చేయవలసి ఉంటుంది. అలంపురంలో స్థిరపడి, 'సుజాత' పత్రికను నడిపి, శాసన పరిశోధనలోనూ ఆలయాల పరిరక్షణలోనూ కృషిచేసిన గడియారం రామకృష్ణశర్మ మార్గం ఇందుకు ఆదర్శం. శాసనం శాసనంగా, పురాణం పురాణంగా చదవడం ఆ మార్గం నేర్పే పాఠం.

ఉపసంహారం

ఖాళీ పీఠం ముందు నిలిచిన మనిషి కథ అల్లకుండా ఉండలేడు. 'డార్క్ సోల్స్' ఆడేవారిలోనూ, అలంపురం యాత్రికుల్లోనూ ఆ ప్రవృత్తి ఒక్కటే. ఖాళీ స్వభావంలో మాత్రం తేడా ఉంది. గేమ్‌లోని ఖాళీని రచయిత ఉద్దేశించి వదిలాడు. అలంపురంలోని ఖాళీని కాలం, నది, యుద్ధం, ఆనకట్ట కలిసి మిగిల్చాయి. మొదటిదాన్ని రసికుడు స్వేచ్ఛగా పూరించవచ్చు. రెండవదాన్ని పూరించే ముందు అది ఏ లేమి, ఎప్పటి లేమి, అక్కడ ఏదైనా ఉండేదన్నదానికి ఆధారమేమిటి అన్న మూడు ప్రశ్నలకు పరిశోధకుడు సమాధానం చెప్పాలి. ఆ తరువాతే ప్రతినాయకుని పేరు అడగాలి.