తొడమాంసం, ఓలి, బాకీ: కచిన్ వంశాల అధికార సంబంధాలపై లీచ్ వాదన – పరిశీలన

గిరిజన సమాజాల్లో వంశాల మధ్య అధికారం ఏర్పడే తీరును చర్చించేవారు ఎడ్మండ్ లీచ్ రచించిన 'పొలిటికల్ సిస్టమ్స్ ఆఫ్ హైలాండ్ బర్మా' (1954) గ్రంథాన్ని విస్మరించలేరు. ఉత్తర బర్మా కొండల్లోని కచిన్‌లలో దొరల ఏలుబడి గల వ్యవస్థను 'గుమ్సా' అంటారు. అందులో నాయకుడు 'తొడ తినే దొర'. అతని ఏలుబడిలో వేటలోగాని బలిలోగాని చంపిన నాలుగుకాళ్ళ జంతువు వెనుక తొడ అతనికి చెందుతుంది. అతని సొంత వంశశాఖవారు మాత్రం ఇవ్వనక్కరలేదు. లీచ్ దృష్టిలో ఈ మాంసం ఆర్థికంగా స్వల్పం, హోదాకు చిహ్నం. దొరకు చేరిన సంపదలో చాలాభాగం విందుల రూపంలో తిరిగి జనానికే అందుతుంది.

ఈ చెల్లింపును తెలుగులో 'కప్పం' అనడం పూర్తిగా సరిపోదు. కప్పం ఓడినవాడు గెలిచినవాడికి కట్టేది. కచిన్ తొడ వెనుక వియ్యం ఉంది. పిల్లనిచ్చిన వంశం 'మాయు', తెచ్చుకున్న వంశం 'దామా'. మాయులదే పైచేయి. ఏ వంశం నుంచి పిల్లను తెచ్చుకున్నారో ఆ వంశానికి తమ పిల్లను ఇవ్వరాదు. కుండమార్పిడి పెళ్ళిళ్ళు ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ నియమం వింతగా తోచవచ్చు. దొర వంశపు ఆడపిల్లలు కింది వంశాలకు వెళ్తారు, ఓలి పశువులు పైకి వెళ్తాయి. ఓలి ఒక్కసారిగా తీరదు. తరాల తరబడి బాకీగా మిగులుతుంది. బాకీకీ పగకీ కచిన్ భాషలో ఒకటే మాట: 'ఖా'.

దొర షాన్ రాజులను అనుకరించి, అల్లుళ్ళ వంశాలను బానిసల్లా చూడసాగినప్పుడు తిరుగుబాటు వచ్చి, వంశాలన్నీ సమానమనే 'గుమ్లావ్' వ్యవస్థ ఏర్పడుతుందని లీచ్ వివరణ. ఇందులో కారణమంతా దొర ఆశయంలోనే ఉంది. చెల్లించేవారి వైపు నుంచి చూపు లేదు. 1970లలో జొనాథన్ ఫ్రీడ్‌మన్ ఈ లోపాన్ని కొంత పూరించాడు. మిగులు విందుగా, విందు ప్రతిష్ఠగా, ప్రతిష్ఠ ఓలి పెరుగుదలగా మారుతుందని అతని వాదం. అయితే అతడు కొండలను బయటి లోకం నుంచి వేరుచేసి చూశాడు. వర్తకుల బిడారులపై సుంకాలు, నల్లమందు వ్యాపారం దొరల బలానికి ఆధారాలని 1982లో డేవిడ్ న్యూజెంట్ చేసిన విమర్శ ఇక్కడ అవసరమైనదే. కానీ సుంకం దొర ఐశ్వర్యాన్ని వివరిస్తుందే తప్ప, పక్క వంశం అతనికి తొడ ఎందుకు పంపుతుందో వివరించదు.

రంపలో మన్సబుదారు కల్లుపై వసూలు చేసిన చిగురుపన్నుతో పోలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. ఆ పన్ను వెనుక వియ్యమూ లేదు, విందూ లేదు; ఉన్నది కుంఫిణీ ప్రభుత్వం, ఆపై బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన అండ. 1879లో కొండజనం పితూరీ చేసినప్పుడు దాన్ని అణచడానికి సైన్యం వచ్చింది. గుమ్లావ్ తిరుగుబాటుదారులు ఎదుర్కొన్నది తమ మామలనే. తొడ పంపడం మానేసినా పెళ్ళిళ్ళు ఆగవు కనుక మాయు–దామా భేదం ఆ గ్రామాల్లోనూ మిగిలింది, బాకీలు మళ్ళీ పేరుకున్నాయి. గుమ్లావ్ గ్రామాలు తిరిగి గుమ్సా వైపు మొగ్గుతాయని లీచే రాశాడు. ఆ మొగ్గును బాకీల లెక్కతో ముడిపెట్టే అవకాశం అతని చేతిలోనే ఉండింది. 1939–40లో పలాంగ్ గ్రామంలో రాసుకున్న క్షేత్రపర్యటన పత్రాలు యుద్ధకాలంలో పోయాయి.