ఆరంభమా, అనుమతులా? ‘క్రాస్‌ఫైర్ హరికేన్’ నివేదికలపై ఒక విమర్శ

ట్రంప్ ప్రచార బృందానికీ రష్యాకూ గల సంబంధాలపై ఎఫ్.బి.ఐ. 2016 జూలై 31న దర్యాప్తు ప్రారంభించింది. అందుకు తగిన ఆధారం ఉందని 2019లో ఇన్‌స్పెక్టర్ జనరల్ హొరోవిట్జ్ తేల్చారు. పూర్తిస్థాయి దర్యాప్తుకు అది చాలదని 2023లో డర్హామ్ వాదించారు. భేదం వాస్తవాల్లో కన్నా ప్రమాణంలోనే ఎక్కువ. రాజకీయ చర్చ మాత్రం ఈ ఆరంభం చుట్టూనే తిరిగింది.

చట్టం నిజంగా దెబ్బతిన్నది నిఘా అనుమతుల దగ్గర. కార్టర్ పేజ్‌పై సమర్పించిన నాలుగు దరఖాస్తుల్లో హొరోవిట్జ్ 17 ముఖ్యమైన తప్పులు, లోపాలు చూపారు. ఆ రహస్య న్యాయస్థానంలో నిఘాకు గురయ్యే వ్యక్తి తరఫున వాదించేవారు సాధారణంగా ఉండరు. దరఖాస్తుదారు నిజాయితీయే అతనికి రక్ష. పక్షపాతం ప్రభావానికి రుజువు దొరకలేదన్న వాక్యాన్ని ఒక వర్గం సంపూర్ణ నిర్దోషిత్వంగా చదువుకుంది. అది దర్యాప్తు ఆరంభ నిర్ణయం గురించిన మాట. దరఖాస్తుల తప్పులకు సంతృప్తికరమైన వివరణ రాలేదని రాసిందీ ఆయనే.