కెనిల్వర్తు కోట: కథయు చరిత్రయు

హోసూరులో పుట్టి పెరిగినవారికి కెనిల్వర్తు అను పేరు క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ సేలం జిల్లా కలెక్టరుగా నుండిన బ్రెట్టు దొర మన యూరిలో ఇంగ్లాండునందలి ఆ కోటను పోలిన మేడ నొకదానిని కట్టించెను. కోట కట్టించిననేగాని సముద్రము దాటి రానని ఆయన వలచిన కన్య పంతము పట్టినదనియు, అందులకే ఆ మేడ వెలసినదనియు మా చిన్ననాట పెద్దలు చెప్పుచుండిరి. మేడ శిథిలమైపోయినది, కథ మాత్రము చెక్కుచెదరలేదు.

ఆ పేరుమీది మమకారముచేతనే నేను హైస్కూలు దినములలో సర్ వాల్టర్ స్కాటు 1821లో వెలువరించిన ‘కెనిల్వర్తు’ నవలను సంక్షిప్త ప్రతిలో చదివితిని. గుమాస్తాగా ముప్పదియేండ్లు దస్తరములతో గడపి విశ్రాంతి గైకొన్న పిమ్మట, కావెంట్రీ నగరమున కాపురమున్న మా అమ్మాయి యింటికి పోయినప్పుడు, కొలది మైళ్ల దూరముననే యున్న అసలు కోటను చూడగలిగితిని. నవలను మనసున నుంచుకొని కోటను చూచిన నాకు తోచినదానిని ఇచ్చట విన్నవించుచున్నాను.

ముందుగా స్కాటు గొప్పదనమును ఒప్పుకొనవలయును. మన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారిని ‘ఆంధ్ర స్కాటు’ అని పిలుచుకొన్న జాతి మనది. పాడుపడిన గోడలకు ప్రాణము పోయుటలో ఆయనకు సాటి వచ్చువారు అరుదు. ఎలిజబెత్తు రాణి 1575 జులైలో ఈ కోటకు విచ్చేసి పందొమ్మిది దినములు విడిది చేయుట, లెస్టరు ప్రభువు ఆమెకు చేసిన వేడుకలు, ఆ సందడి నడుమ ఆతని భార్య ఏమీ రాబ్సర్టు మరుగున పడి కుములుట చదువరి కన్నులకు కట్టును.

అయితే ఏమీ 1560లోనే మరణించినది. పదునైదేండ్ల తరువాతి ఉత్సవమునకు ఆమె వచ్చుట పొసగదు. 1564లో పుట్టిన షేక్స్పియరు ఆ వేడుకలనాటికి పదునొకండేండ్ల బాలుడు. నవలలో ఆతడప్పటికే పేరొందిన కవి. నవలాకారునకు అంతమాత్రపు స్వేచ్ఛ లేదా యని అడుగవచ్చును. కలదు. తేదీలు తప్పినంతమాత్రమున నవల చెడదు. నా అభ్యంతరము వేరు. ఆ కథ మన చూపునంతటిని ఒక వేడుకకును, ఒక ప్రేమకును కట్టివేయును. కోటను కోటగా నిలిపినదేదో అడుగనీయదు.

దానిని అడిగినది మా మనుమరాలు. రాణి రాగానే నీటిమీద తేలివచ్చి సరోవరకన్య స్వాగతము పలికెనని నేను కథ చెప్పుచుండగా, ఎదుట పచ్చిక బయలు తప్ప మరేమియు లేకుండుట చూచి, ‘మరి నీళ్లేవి తాతా?’ అనినది. నవల చదివిన నాకు రాని ప్రశ్న అది.

ఆ బయలే ఒకనాటి చెరువు. చిన్న వాగులకు అడ్డముగా కట్టవేసి, నూరెకరములకు పైబడి నీరు నిలిపి, కోటకు రక్షణ కల్పించిరి. పదమూడవ శతాబ్దారంభమున జాన్ రాజు ఆ కట్టను బలపరచెను. రామనాయకన్ చెరువు గట్టున తిరిగిన నాకు ఆ కట్ట పరాయిదిగా తోచలేదు. కట్టవేసి నీరు నిలుపు విద్యను ఎరిగిన సీమ మనది. అక్కడ నీరు శత్రువు నాపినది. ఇక్కడ పంట పండించినది.

1265లో సైమన్ డి మాంట్‌ఫర్టు యుద్ధమున కూలిన పిదప ఆతని పక్షమువారు ఈ కోటలో తలదాచుకొనిరి. 1266లో మూడవ హెన్రీ రాజు సైన్యము దాదాపు ఆరు మాసములు ముట్టడించియు, ఆ నీటిని దాటి కోటను పట్టజాలకపోయినది. తుదకు ఆకలియు రోగమును లోపలివారిని లొంగదీసినవి. ఆ సమయముననే వెలువడిన కెనిల్వర్తు శాసనము తిరుగుబాటుదారుల భూములను ఊరక లాగికొనక, అపరాధమును బట్టి ఏటి రాబడికి ఇన్ని రెట్లు చెల్లించి విడిపించుకొను వీలు కల్పించినది. రెవెన్యూ లెక్కలు వ్రాసిన చేయి గనుక, రాణి వేడుకలకంటె నన్ను ఈ యేర్పాటే ఎక్కువగా ఆకర్షించినది. రాజ్యము కుదుటపడుటకు కత్తితోపాటు భూమిలెక్కయు కావలసివచ్చినది. అంతర్యుద్ధానంతరము 1649లో పార్లమెంటు పక్షమువారు కోటను భగ్నము చేసిరి. చెరువును ఖాళీ చేసిరి. పాపకు కావలసిన సమాధాన మిదియే.

ఇంటికి మరలిన పిమ్మట ఆ ప్రశ్ననే మన హోసూరు కథకు వేసి చూచితిని. కృష్ణగిరితో కూడిన బారామహలు 1792లో, హోసూరు సీమ 1799లో కుంఫిణీవారి వశమైనవి. అలెగ్జాండరు రీడు బారామహలులో భూములు కొలిపించి శిస్తు కట్టించెను. ఆతనిక్రింద పని నేర్చిన థామస్ మన్రోయే 1800లో దత్తమండలములకు పోయి రైతువారీ పద్ధతిని నడిపెను. అనగా రాయలసీమ తెలుగు రైతు శిస్తు కట్టిన పద్ధతికి మొలక మన యీ నేలమీదనే పుట్టినది. ఇంతటి సంగతి మన యిండ్లలో ఎవరి నోటను వినరాదు. దొరసాని పంతము మాత్రము ప్రతివారికిని తెలియును. ఆ మేడకు రాళ్లు కొట్టినవారెవరు, సున్నము నూరినవారెవరు, కూలి ఎంత అని ఎన్నడును అడిగినవారము కాము. స్కాటు నవలను తప్పుపట్టిన నేనే, మా పిల్లలకు ఇన్నాళ్లును ఆ ప్రేమకథనే చెప్పుచు వచ్చితిని!

తరతరములుగా ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ విషయము పట్టవలసియున్నది. మన సంగతి ఇతరులు వ్రాసిన పుస్తకములలో కొద్దిగనే కనిపించును. చెరువుల పేర్లలో, పొలముల పేర్లలో, పాత పట్టాలలో, దేవాలయ శిలలమీద మిగిలినదానిని మనమే చదువుకొనవలయును. కథ అక్కరలేదని నా భావము కాదు. స్కాటు నవలయే లేకున్న నేనా కోటకు పోయియుండను. కథ మనలను గుమ్మమువరకు తీసికొనిపోవును. లోపలికి పోవుటకు ప్రశ్న కావలయును.

మన బిడ్డలు నేడు ఐరోపాకు చదువులకును ఉద్యోగములకును పోవుచున్నారు. అక్కడి కోటలముందు ఛాయాచిత్రములు తీసికొనుడు, తప్పులేదు. ఆ పిమ్మట ఒకసారి, ‘మరి నీళ్లేవి?’ అని అడుగుడు. సెలవులకు హోసూరు వచ్చినప్పుడు ఇక్కడను అడుగుడు.