రేలంగి హాస్యపాత్రలు: పిరికితనమును గూర్చిన ఒక పరిశీలన

చేతకాని గొప్పలు చెప్పుకొనువానిని చూచి “ఉత్తరకుమార ప్రగల్భములు” అనుట తెలుగువారిలో చిరకాలముగా వచ్చుచున్న వాడుక. అంతఃపురకాంతల నడుమ నిలిచి కౌరవసేనను ఒంటిచేత గెలిచెదనని పలికి, ఆ సేన కంటబడినంతనే రథము దిగి పరుగెత్తిన విరాటపుత్రుని తిక్కన సోమయాజి ఎంత నేర్పుతో చిత్రించెనో సాహిత్యప్రియులకు విదితమే. తెలుగు గ్రంథములు చేతికందని వారికి సహితము ఈ కథ తెలియును. ఉత్తర తమిళనాటి పల్లెలలో ద్రౌపదమ్మ తిరునాళ్లకు భారతకథను తెరుక్కూత్తుగా ఆడుట కలదు. అందు కట్టియక్కారన్ చేయు వెక్కిరింతలకు తెలుగు ఇండ్ల పిల్లలును తమిళపు ఇండ్ల పిల్లలును కలిసియే నవ్వుదురు. ఊత్తంగరై ప్రాంతమువారికి ఇది క్రొత్తగా చెప్పవలసిన మాట కాదు.

1963లో ‘నర్తనశాల’ వెలువడినప్పుడు ఆ ఉత్తరునికి తెరపై రూపమిచ్చినవాడు రేలంగి వేంకటరామయ్య. హాస్యనటుని గూర్చి వ్రాయువారు సాధారణముగా అతడు ఎంత నవ్వించెనో చెప్పి ఊరకుందురు. ఎవరిని చూపి నవ్వించెను అను ప్రశ్నను అరుదుగా వేయుదురు. రేలంగి విషయమున ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యమని నా అభిప్రాయము.

రేలంగి 1910లో గోదావరి సీమలోని రావులపాడున జన్మించెను. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకములలో స్త్రీపాత్రలు ధరించి పేరు పొందెను. కలకత్తాలో తీసిన ‘శ్రీకృష్ణతులాభారము’ (1935)తో చలనచిత్రములలో ప్రవేశించెను. ఆ పిమ్మట కీర్తి వెంటనే రాలేదు. చాలకాలము సి. పుల్లయ్యగారి వద్ద చిత్రనిర్మాణపు పనులలో సహాయకుడుగా నుండి, చిన్న వేషము దొరికినప్పుడు వేయుచుండెను. ‘గొల్లభామ’ (1947), ‘వింధ్యరాణి’ (1948) చిత్రములతో కొంత గుర్తింపు కలిగెను. 1949 చివర విడుదలయిన ‘గుణసుందరి కథ’తో అతని స్థానము స్థిరపడెను. మొదటి వేషమునకును ఈ స్థిరత్వమునకును నడుమ 14 సంవత్సరములు గడచినవి. తరువాతి కాలమున అతని నటనలో కనబడు తొందరలేనితనమునకు ఈ నిరీక్షణయే మూలమని ఊహించుట తప్పు కాదేమో.

‘గుణసుందరి కథ’లో నాయకుడు రేలంగి కాడు. ఆ దైవాధీనము పాత్రను ధరించినవాడు మరియొక హాస్యనటుడు, కస్తూరి శివరావు. మూకీ చిత్రములు ఆడు దినములలో తెరప్రక్క నిలిచి ప్రేక్షకులకు కథ చెప్పినవాడు శివరావు. ‘బాలరాజు’ (1948)తో అతని పేరు ఇంటింటికి ప్రాకెను. 1950లో ‘పరమానందయ్య శిష్యులు’ చిత్రమునకు దర్శకత్వము సహితము వహించెను. అంత వైభవము అనుభవించినవాడు 1966లో పేదరికమున కన్నుమూసెను. హాస్యనటుని కీర్తి ఎంత పలుచని పీటమీద నిలుచునో అతని జీవితము చెప్పుచున్నది.

అదే చిత్రములో రేలంగి రాజుగారి అల్లుళ్లలో ఒకడయిన కాలమతి. రెండేండ్లకు వచ్చిన ‘పాతాళభైరవి’ (1951)లో మహారాణి తమ్ముడు శూరసేనుడు. ‘మాయాబజార్’ (1957)లో సుయోధనుని కుమారుడు లక్ష్మణకుమారుడు. ‘నర్తనశాల’లో విరాటుని కుమారుడు ఉత్తరుడు. ఈ నలుగురును రాజకుటుంబమువారే. నలుగురును తమకు తగని గౌరవమును కోరువారే. సేవకులు, బిచ్చగాండ్రు, కపటవేషధారులు మొదలగు పాత్రలను రేలంగి సాంఘిక చిత్రములలో ఎన్నో ధరించెను. ‘మిస్సమ్మ’ (1955)లోని దేవయ్య అట్టివాడే. కాని జానపద, పౌరాణిక చిత్రములలో అతనికి పట్టాభిషేకము చేసిన పాత్రలు మాత్రము తలపాగా పెట్టుకొన్న పిరికివారు.

ఇది యాదృచ్ఛికము కాదు. సంస్కృత నాటకములలో నవ్వించువారు రెండు తెగలు. ఒకడు విదూషకుడు, నాయకుని మిత్రుడు. రెండవవాడు శకారుడు. ‘మృచ్ఛకటికము’లోని శకారుడు రాజుగారి బావమరిది, అధికారము బావది, అహంకారము తనది. శూరసేనుడు ఈ శకారుని వంశమువాడు. అయితే శకారుడు క్రూరుడు, హంతకుడు కాజూచినవాడు. శూరసేనునిలో ఆ క్రౌర్యము లేదు. తెలివితక్కువతనమును బేలతనమును కలవు. మాంత్రికుని మాట నమ్మి తోట రాముని వద్దనున్న ప్రతిమను దొంగిలించి తెచ్చి, తన బుద్ధిహీనతచే రాజ్యమునకే ముప్పు తెచ్చును. అయినను ప్రేక్షకుడు అతనిని ద్వేషింపడు. శకారుని విషమును తీసివైచి అతనిని ఇంటిలో తిరుగు బావమరిదిగా మార్చిన ఘనత రచయిత పింగళి నాగేంద్రరావుకును, దర్శకుడు కె. వి. రెడ్డికిని, రేలంగికిని సమముగా చెందవలెను. మన ఇండ్లలో బావమరిది పరిహాసమునకు పాత్రుడు, కాని పరాయివాడు కాడు గదా!

ఈ సందర్భమున సముద్రమునకు ఆవల నుండి ఒక నటుని తలచుకొనుట అవసరము. అమెరికాలోని లూసియానా రాష్ట్రమున 1902లో జన్మించిన మాంటన్ మోర్లాండ్ నల్లజాతి హాస్యనటుడు. 1940లలో వచ్చిన చార్లీ చాన్ అపరాధపరిశోధక చిత్రములలో బర్మింగ్‌హామ్ బ్రౌన్ అను కారు డ్రైవరు వేషముచే ప్రసిద్ధుడయ్యెను. అతని నటనకు మూలధనము భయము. కన్నులు పెద్దవి చేయుట, మోకాళ్లు వణకించుట, దయ్యమును చూచి పారిపోవుట – ఇవి అతని చేత పదే పదే చేయించినవి. రంగస్థలముపై బెన్ కార్టర్ అను నటునితో కలిసి అతడు చేసిన సంభాషణ ఒకటి ప్రఖ్యాతము. ఒకరు వాక్యము మొదలుపెట్టగానే రెండవవారు అడ్డుపడుదురు. ఏ వాక్యమును పూర్తి కాదు. అయినను ఇద్దరికిని అంతయు అర్థమగును. అంతటి తాళజ్ఞానము కల నటుడు కారు తలుపు తీసి నిలుచుండవలసి వచ్చెను.

‘కింగ్ ఆఫ్ ది జాంబీస్’ (1941) చిత్రములో మోర్లాండ్ జెఫ్ అను సేవకుడు. ఒక దీవిలో విమానము కూలగా యజమానులకు ఇంటిలో ఆతిథ్యము, జెఫ్‌కు వంటయింటిలో చోటు. అక్కడ నడచు శవములు అతనికి కనబడును. చెప్పిన ఎవరును నమ్మరు. చూచినది సత్యము, నవ్వులపాలైనది చూచినవాడు.

ఇక ‘మాయాబజార్’లోని పెండ్లి ఘట్టమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పీటలపై శశిరేఖ రూపమున ఉన్నది ఘటోత్కచుడు. ఆ పెండ్లికూతురు కాలు త్రొక్కగా లక్ష్మణకుమారుడు అదరిపడును. సభలోనివారందరికి ఆమె సిగ్గులొలుకు కన్య. అతనికి మాత్రము ఎదుట ఏదో భూతమున్నదని తెలిసిపోయినది. ఇక్కడ కూడ చూచినవాడు ఒక్కడే, నమ్మువారు లేరు. నటుని పని రెండు చిత్రములలోను ఒక్కటియే: తన భయము నిజమని ప్రేక్షకునికి, తాను వెఱ్ఱివాడని తెరపైనున్న వారికి ఒకేసారి తోపించుట. ఇది మిక్కిలి కష్టసాధ్యము. రేలంగి దీనిని అరపులతో కాక ముఖముతో సాధించెను. ఏడువబోయి, రాజపుత్రుడనని గుర్తు తెచ్చుకొని, ఆ ఏడుపును మ్రింగి చిరునవ్వు పులుముకొనుటలో అతని విద్య యున్నది.

కళ సమానమైనను ఫలితము వేరు. లక్ష్మణకుమారుడు వణకినప్పుడు ప్రేక్షకుడు నవ్వినది ఆ కిరీటమును చూచి. తండ్రి బలమును చూచి విఱ్ఱవీగువానిని చూచి. ఆ నవ్వు సినిమాశాల దాటి వచ్చి ఏ పేదవానిని గాయపరుపలేదు. మోర్లాండ్ వణకినప్పుడు, నల్లవాడు పుట్టుకతోనే పిరికి అను దురభిప్రాయము మరొకమారు గట్టిపడెను. నల్లజాతివారి హక్కుల సంఘము 1942 ప్రాంతమున హాలీవుడ్‌తో ఈ విషయమున వాదించినది న్యాయమే. కాని కాలము మారి అట్టి వేషములు తగ్గినప్పుడు మోర్లాండ్ వంటివారికి జీవనోపాధి పోయెను, గౌరవమయిన పాత్రలు మాత్రము దొరకలేదు. 1957లో న్యూయార్క్‌లో నల్లజాతి నటులు ప్రదర్శించిన బెకెట్ నాటకము ‘వెయిటింగ్ ఫర్ గోడో’లో అతనికి ఒక ప్రధానపాత్ర లభించెను. పూర్తికాని మాటలతో నడచు ఆ నాటకమునకు అతనికంటె తగినవాడెవడు? అతడు 1973లో మరణించెను.

రేలంగికి ఇట్టి దుర్గతి పట్టలేదు. సి. పుల్లయ్యగారు ‘పక్కింటి అమ్మాయి’ (1953)లో అతనిని నాయకునిగానే నిలిపిరి. 300కు పైబడి చిత్రములలో నటించి, 1970లో పద్మశ్రీ పొంది, 1975లో తాడేపల్లిగూడెమున దివంగతుడయ్యెను. అయినను తెలుగు హాస్యము నిష్కళంకమని మురియుట పొరపాటు. సాంఘిక చిత్రములలో భార్యను గయ్యాళిగా చూపి భర్త వెఱ్ఱితనమును కప్పిపుచ్చిన ఘట్టములు రేలంగి వేషములలోను కలవు. అవి నేడు చూచుటకు ఇంపుగా లేవు. అంతకంటె పెద్ద దోషము తరువాతి దశాబ్దములలో ప్రబలెను. తెలంగాణపు యాసను హాస్యగాని నోటను, దుష్టుని నోటను పెట్టి, నాయకునికి కోస్తా పలుకుబడిని మిగిల్చిరి. నవ్వు కిరీటముపై నుండి జారి మనుష్యుని పలుకుపై పడెను. అమెరికాలో చర్మమునకు జరిగిన అన్యాయము ఇక్కడ యాసకు జరిగినదనుట అతిశయోక్తి యగును. ఒకటి బానిసత్వపు వారసత్వము, మరొకటి ప్రాంతీయాహంకారము. కాని రెండింటిలోను నవ్వు పుట్టించు ఉపాయము ఒక్కటియే. ఒక జనసమూహము తన ఇంటిలో సహజముగా మాటలాడు తీరును తెరపైకెత్తి, ఇది వికటమని చూపుట.

ఊత్తంగరై, హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగువారికి ఈ బాధ వేరుగా వివరింపనక్కరలేదు. మన తెలుగులో తమిళపు సాగతీత వినబడునని అటువారును, మన తమిళములో తెలుగు వినబడునని ఇటువారును నవ్వుట కలదు. అందుచేత రేలంగిని మనము చూచు చూపులో అదనముగా ఒక అక్కర ఉండవలెను. ఆ రాజవేషములలో అతడు యాసను అరువు తెచ్చుకొనలేదు. రచయితల మాటలను ఉన్నవున్నట్లు పలికి, ఆ మాట గొప్పదనమునకును చెప్పువాని అల్పత్వమునకును నడుమ గల ఎడమును చూపియే నవ్వించెను.

ఇందులో మన ప్రాంతమువారు మాత్రమే తేలికగా చేయగల పరిశోధన ఒకటి మిగిలియున్నది. ‘మాయాబజార్’ 1957లోనే తమిళములోను వెలువడినది. అందు లక్ష్మణకుమారుడు కె. ఎ. తంగవేలు. ‘మిస్సమ్మ’ తమిళరూపమున అక్కినేని నాగేశ్వరరావు పాత్రను ధరించినవాడును తంగవేలే. దర్శకుడొకడే, కథ ఒక్కటే, పెండ్లిపీటలు ఒక్కటే. భాష వేరు, నటుడు వేరు. రెండు భాషలును ఇంటిలో విని పెరిగినవారు ఆ ఘట్టములను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, ఏ మాట వద్ద రేలంగి ఆగెను, ఏ మాట వద్ద తంగవేలు ముందుకు దూకెను, ఎక్కడ భయము కంటిలో నుండెను, ఎక్కడ గొంతులో నుండెను అని గుర్తించి వ్రాసినచో, హాస్యనటనను గూర్చి ఇంతవరకు తెలుగులో లేని విమర్శ యొకటి ఈ సీమనుండియే రాగలదు.