‘డార్క్ సైడ్’కు ముందు: తొలినాటి పింక్ ఫ్లాయిడ్‌ను వరసలో పెట్టడం

1969 సెప్టెంబర్ 17న ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సెర్ట్‌గెబౌ సభామందిరంలో పింక్ ఫ్లాయిడ్ వాయించింది చాలావరకు అప్పటికే తమ దగ్గరున్న పాటలనే. కానీ వాటి పేర్లు మార్చి, వరస మార్చి, ‘ది మ్యాన్’, ‘ది జర్నీ’ అని రెండు పెద్ద భాగాలుగా అల్లారు. మొదటిది ఒక మనిషి జీవితంలో ఒక రోజు: తెల్లవారడం, పని, టీ, నిద్ర, పీడకల. ‘గ్రాంట్‌చెస్టర్ మెడోస్’ అందులో వేకువ అయింది, ‘సింబలీన్’ పీడకల అయింది. ఆ ఏడాది ప్రదర్శనల్లో ‘పని’ ఘట్టం రాగానే వేదిక మీదే రంపం, సుత్తి పట్టుకున్నారు. ‘టీ’ ఘట్టంలో నిజంగానే కూర్చుని టీ తాగారు.

ఈ బ్యాండ్ తొలినాటి పాటలతో అసలైన కూర్పు మొదట చేసింది బ్యాండే అన్నమాట. ‘కేర్‌ఫుల్ విత్ దట్ యాక్స్, యూజీన్’ 1968 డిసెంబర్‌లో ఒక సింగిల్ రికార్డు వెనకవైపు వచ్చినప్పుడు చిన్న ప్రయోగంలా వినిపించింది. ‘ది జర్నీ’లో అదే పాట కడలి లోతుల జీవులు చుట్టుముట్టే ఘట్టమైంది. స్వరాలు మారలేదు, వాటి స్థానం మారింది. పాటలు ఏరి ఒక టేపుగా మంచి మిక్స్ చేసేవాళ్లు పట్టుకోవలసిన సూత్రం ఇదే. ఎంపిక సగం పని, మిగతా సగం వరస.

బ్యాండ్ మొత్తం ప్రస్థానాన్ని రెండు సీడీల్లో చెప్పిన ‘ఎకోస్’ సంకలనం 2001లో వచ్చింది. సౌండ్ ఇంజినీర్ జేమ్స్ గత్రీ చేతిలో పాటలు ఒకదానిలోకి ఒకటి కరిగిపోతాయి. కాలక్రమం లేదు, అయినా ఎక్కడా కుదుపు తెలియదు. అయితే అందులోని 26 పాటల్లో 1973కి ముందువి ఎనిమిదే. వాటిలో ఐదు సిడ్ బారెట్ రాసినవి. 1969, 1970 ఆల్బమ్‌ల నుంచి ఒక్కటి కూడా లేదు. ‘ఎకోస్’ అనే పాటనే 23 నిమిషాల నుంచి సుమారు 16కి కుదించారు. విన్నవారికి బారెట్ పాటల తర్వాత బ్యాండ్ ఒక్క గంతులో 1973 నాటి ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ చేరిందనిపిస్తుంది. నిజానికి ఆ మధ్య ఏళ్లలోనే ఈ బ్యాండ్ తన భాషను వెతుక్కుంది. తొలినాళ్లకు విడిగా ఒక మిక్స్ అవసరమయ్యేది అందుకే.

ఆ వెతుకులాటకు కారణం ఒక లోటు. 1967లో ‘ఆర్నాల్డ్ లేన్’, ‘సీ ఎమిలీ ప్లే’ రాసి, ‘ది పైపర్ ఎట్ ది గేట్స్ ఆఫ్ డాన్’ ఆల్బమ్‌ను దాదాపు ఒంటిచేత్తో నడిపించిన బారెట్ మానసికంగా కుంగిపోయి 1968 ఏప్రిల్‌కల్లా బ్యాండ్‌కు దూరమయ్యాడు. డేవిడ్ గిల్మర్ అప్పటికే వచ్చి చేరాడు. మిగిలిన నలుగురిలో బారెట్‌లా మూడు నిమిషాల్లో మెరిసే పాట రాయగలవారు అప్పటికి లేరు. వాళ్లు వేరే దారి పట్టారు. రోజర్ వాటర్స్, నిక్ మేసన్ లండన్‌లో ఆర్కిటెక్చర్ చదివినవాళ్లు. ‘ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్’ అనే పన్నెండు నిమిషాల రచనను వాళ్లు ముందు కాగితం మీద ఎత్తుపల్లాల రేఖాచిత్రంగా గీసుకున్నారు. పాట రాయడం నుంచి సంగీతాన్ని కట్టడం వైపు బ్యాండ్ మళ్లింది ఇక్కడే.

ఈ మలుపు చెవికి తెలియాలంటే ఆల్బమ్ వరసను ఒకచోట తిరగెయ్యాలి. 1968 ఆల్బమ్‌లో ‘సాసర్‌ఫుల్’ రచన ముందు వస్తుంది, బారెట్ వీడ్కోలులా వినిపించే ‘జగ్‌బ్యాండ్ బ్లూస్’ చివర్న వస్తుంది. రికార్డు చేసిన క్రమం చూస్తే ‘జగ్‌బ్యాండ్ బ్లూస్’ 1967 నాటిది, ‘సాసర్‌ఫుల్’ 1968 నాటిది. మిక్స్‌లో ముందు బారెట్ వీడ్కోలు వినిపించి, వెంటనే ఈ రచన ఎత్తుకుంటే, వెళ్లిపోయినవాడి ఖాళీలోంచి మిగిలినవాళ్లు కొత్త కట్టడం లేపడం తెలుస్తుంది.

తర్వాతది ఒక్కో పాటకు ఏ రూపాన్ని తీసుకోవాలన్న ప్రశ్న. ‘పైపర్’కు మోనో, స్టీరియో మిక్స్‌లు రెండూ ఉన్నాయి. ‘ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్’ చివర శబ్దం ఎడమ కుడులకు ఊగడం స్టీరియోలోనే దొరుకుతుంది. ‘కేర్‌ఫుల్ విత్ దట్ యాక్స్’కు మాత్రం సింగిల్ కంటే ‘అమ్మగుమ్మ’ ఆల్బమ్‌లోని ప్రత్యక్ష ప్రదర్శనే మేలు. వాటర్స్ అరుపుకు ముందు ఉండే నిశ్శబ్దం అక్కడ చాలాసేపు బిగుసుకుంటుంది.

అతుకుల దగ్గర బ్యాండే దారి చూపుతుంది. ‘సిర్రస్ మైనర్’, ‘గ్రాంట్‌చెస్టర్ మెడోస్’ రెండింట్లోనూ పక్షుల కూతలున్నాయి. ‘సాసర్‌ఫుల్’ చివరి ఆర్గన్, గొంతులు సన్నగిల్లుతుండగా ‘సిర్రస్ మైనర్’ పక్షులను లేపితే అతుకు కనబడదు. ‘వన్ ఆఫ్ దీజ్ డేస్’ గాలి హోరుతో మొదలవుతుంది కాబట్టి ఏ నెమ్మది పాట తర్వాతైనా కుదురుతుంది. ధ్వని స్థాయిలు మాత్రం చేత్తో సరిచూసుకోవాలి. ‘పైపర్’ నాలుగు ట్రాకుల టేపు మీద, ‘ఆటమ్ హార్ట్ మదర్’ ఎనిమిది ట్రాకుల మీద తయారయ్యాయి. ‘మెడిల్’కు పదహారు ట్రాకులు కావాలని బ్యాండ్ అబ్బే రోడ్ దాటి ఎయిర్ స్టూడియోకు వెళ్లింది. పలచని 1967 ధ్వని పక్కన 1971 నాటి బరువైన బేస్ పెడితే మొదటిది చిన్నబోతుంది. పాత పాట వాల్యూమ్ కొంచెం పెంచాలి.

నిడివికి హద్దు కూడా మేలే చేస్తుంది. ఖాళీ క్యాసెట్ కొని రికార్డింగ్ షాపులో పాటల చిట్టీ ఇచ్చిన తరం తెలుగువాళ్లకు తొంభై నిమిషాల టేపు లెక్క తెలుసు: వైపుకు నలభై ఐదు నిమిషాలు, అంతే. ఆ కొలతలోనే ఈ బ్యాండ్ చక్కగా ఇముడుతుంది.

మొదటి వైపు: ‘ఆస్ట్రానమీ డొమినే’, ‘సీ ఎమిలీ ప్లే’, బారెట్, గిల్మర్ సహా ఐదుగురూ వాయించిన ‘సెట్ ది కంట్రోల్స్ ఫర్ ది హార్ట్ ఆఫ్ ది సన్’, ‘జగ్‌బ్యాండ్ బ్లూస్’, ‘ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్’, ‘సిర్రస్ మైనర్’, ‘గ్రాంట్‌చెస్టర్ మెడోస్’. బారెట్, వాటర్స్, గిల్మర్ పెరిగిన కేంబ్రిడ్జ్ పక్కనున్న పచ్చికబయళ్ల దగ్గర ఈ వైపు ఆగుతుంది.

రెండో వైపు: ‘అమ్మగుమ్మ’లోని ‘కేర్‌ఫుల్ విత్ దట్ యాక్స్’, ‘ఫ్యాట్ ఓల్డ్ సన్’, ‘వన్ ఆఫ్ దీజ్ డేస్’, ఆపైన పూర్తి నిడివితో ‘ఎకోస్’. దీన్ని కుదించకూడదు. లెస్లీ స్పీకర్ గుండా పంపిన ఒక్క పియానో స్వరంతో మొదలై, పాటగా విచ్చుకుని, నడుమ పూర్తిగా విరిగిపోతుంది. వా-వా పెడల్‌కు తీగలు తిరగబెట్టి గిల్మర్ రప్పించిన కీచు కేకలు ఆ చీకట్లో తిరుగుతాయి. అక్కణ్నుంచి మళ్లీ పాట దగ్గరకు చేరడానికి పట్టే సమయమే ఈ రచనకు ప్రాణం. బారెట్ ఇచ్చిన పాట, ‘సాసర్‌ఫుల్’లో నేర్చిన కట్టడం మొదటిసారి పూర్తిగా కలిసింది ఇక్కడే.

ఈ తొలినాటి పాటలు ‘డార్క్ సైడ్’కు ముందుమాటగా మిగిలిపోలేదు. 2016లో 1965–1972 నాటి రికార్డింగులు 27 డిస్కుల పెట్టెగా వచ్చాయి. 2018లో నిక్ మేసన్ ‘సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్’ పేరుతోనే బ్యాండ్ కట్టి, 1973కి ముందు పాటలను మాత్రమే వేదికల మీద వాయించడం మొదలుపెట్టాడు. 2019లో న్యూయార్క్‌లో వాటర్స్ వచ్చి ‘సెట్ ది కంట్రోల్స్’ పాడాడు. తర్వాతి పర్యటనల్లో ‘ఎకోస్’ కూడా ఆ కచేరీల్లో చేరింది. బారెట్ చిన్న పాటలూ ఆ సుదీర్ఘ రచనలూ ఒకే సాయంత్రం పక్కపక్కన ఎలా నిలబడతాయో వినాలనుకునేవారు అక్కణ్నుంచే మొదలుపెట్టవచ్చు.