టైలర్ అటక మీది చరిత్ర

పురానీ హవేలీ మ్యూజియంలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల అల్మరాలు ఓ పొడవాటి హాలు నిండా రెండంతస్తుల్లో ఉంటాయి. సరూర్‌నగర్‌లోని ఆయన ప్యాలెస్ తర్వాతి కాలంలో విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమం అయింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య ఒక మెట్రో స్టేషన్‌కు ఇప్పుడు ఆ పేరే ఉంది. రాజుగారి బట్టలకైతే మ్యూజియం దొరికింది. మరి ఈ చుట్టుపక్కల కాలనీల్లో స్థిరపడిన గుమస్తాలు, టీచర్లు, ఆర్టీసీ ఉద్యోగులు కుట్టించుకున్న ప్యాంటూ షర్టుల సంగతి? వాటి చరిత్ర టైలర్ షాపు అటక మీద ఉంది. రెడీమేడ్ దెబ్బకు ఒక్కో షాపూ షట్టర్ దించేసినప్పుడల్లా అది కిలోల లెక్కన పాత కాగితాల బండి ఎక్కేస్తోంది.

టైలర్ల పాత సామాను సేకరించడం అమెరికాలో బాగా పాతుకుపోయిన సరదా. కీవ్‌లో పుట్టి హాలీవుడ్ చేరిన నూడీ కోన్ అక్కడి కౌబాయ్ గాయకులకు మెరుపురాళ్ల సూట్లు కుట్టాడు. 1957లో ఎల్విస్ ప్రెస్లీ తొడిగిన బంగారు రంగు సూటూ ఆయన షాపుదే. ఆ షాపు తొలినాటి లేబుల్ మీది కౌగర్ల్ బొమ్మకు ఒంటి మీద బట్టలు అంతంత మాత్రం; తర్వాతి లేబుళ్లలో నిండుగా కప్పారు. కోటు ఏ కాలానిదో తేల్చడానికి సేకరించేవాళ్లు ముందు ఆ బొమ్మనే చూస్తారు. మనకు కౌబాయ్ 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’తో వచ్చాడు. ఆ దశాబ్దమే బెల్‌బాటమ్‌లదీ, పొడుగు కాలర్లదీ. సినిమా చూసొచ్చి ‘అలాంటిదే కుట్టు మాస్టారూ’ అన్న కుర్రాళ్ల కొలతలు ఎక్కడో ఒక పుస్తకంలో పడే ఉంటాయి.

కాలం లెక్కగట్టడానికి మన దగ్గరా ఆనవాళ్లున్నాయి. బిల్లు మీద పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిది. చిరునామాలో రంగారెడ్డి జిల్లా ఉంటే 1978కి ఇటుది. ‘ఎల్.బి.నగర్ మున్సిపాలిటీ’ అని ఉంటే అది 2007లో జీహెచ్‌ఎంసీలో కలవకముందు అచ్చువేసిందని దాదాపు చెప్పొచ్చు. జీఎస్టీ నంబరుంటే 2017 జులై తర్వాతిదే. అయితే ఒక జాగ్రత్త: పాత బిల్లు బుక్కులు అయిపోయేదాకా వాడుకోవడం మన అలవాటు. అచ్చు ఒక్కటే నమ్మకుండా చేత్తో రాసిన తేదీనీ చూడాలి.

అసలు నిధి ఆర్డరు పుస్తకం. ఒక పేజీ తెరవండి. పైన నంబరూ, ట్రయల్ తేదీ. కింద వరసగా పొడవు, భుజం, చేయి, ఛాతీ, నడుము, కాలరు అంకెలు. మూలన పిన్ను కొట్టిన వేలెడంత గుడ్డముక్క. ప్యాంటు కొలతల్లో బాటమ్ అంకె మోకాలి అంకెను మించిందా, అది బెల్‌బాటమే. ఆ అంకె పేజీ పేజీకీ తగ్గుతూ వస్తుంటే, ఫ్యాషన్ మారిన తీరు తేదీలతో సహా కళ్లకు కడుతుంది. ఆ గుడ్డముక్కను పుస్తకం నుంచి పీకేస్తే మిగిలేది ఉత్త పేలిక.

కుట్టును లోపలివైపు తిప్పి చూడటం నేర్చుకోవాలి. మామూలు మిషన్ కుట్టులో పైదారం, బాబిన్ దారం రెండూ ముడిపడతాయి. నూడీ సూట్ల మీది పువ్వులు గొలుసుకుట్టు. కొస ముడి ఊడితే ఒకే దారం వరసగా వచ్చేస్తుంది. మన మగ్గం పనివాళ్లు ఆరీ సూదితో జాకెట్ల మీద వేసేదీ గొలుసుకుట్టే. కాజాలు చేత్తో కుట్టినవా, మిషన్‌వా అన్నదీ చూసుకోవాలి.

దాచడం దగ్గరే చాలామంది చెడగొడతారు. లేబుల్‌ను కోటు నుంచి కత్తిరించకండి. కాగితాన్ని లామినేషన్ చేయించకండి, మళ్లీ విడదీయలేరు. తుప్పు పట్టే పిన్నులు నెమ్మదిగా తీసి, గుడ్డముక్కను అదే చోట తెల్లదారంతో కుట్టండి. ఉన్ని కోటును ప్లాస్టిక్ కవర్లో బిగించకుండా, గంజి పోయేలా ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, వానాకాలం వెళ్లాక ఓసారి నీడన ఆరబెట్టండి. పుస్తకంలోని కస్టమర్ల పేర్లూ, ఫోన్ నంబర్లూ బయటపెట్టకండి. అవి మాస్టారిని నమ్మి ఇచ్చినవి.

వీటికి మార్కెట్లో పెద్ద ధర పలకదు. కానీ మధ్యతరగతి ఒళ్లు ఏ ఏడు ఏ కొలతకు తూగిందో, ఏ గుడ్డను ఇష్టపడిందో చెప్పే రికార్డు ఇంకోటి లేదు. అందుకే మీ వీధి టైలర్ షాపు ఖాళీ చేస్తున్నాడని తెలిస్తే, పాత కాగితాల బండి కంటే ముందు మీరు వెళ్లండి. అడిగి, తగిన డబ్బిచ్చి ఆ పుస్తకాలు తీసుకోండి. గుడ్డ కత్తిరించడానికి వాడే అట్ట ఫారాల మీది గుర్తులకు అర్థం ఏమిటో మాస్టారి నోటనే చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వస్తువు మళ్లీ ఎక్కడైనా దొరకొచ్చు, ఆ వివరం మాత్రం ఆయన దగ్గరే దొరుకుతుంది.