దోణీ వచ్చే రోజు

మాల్దీవుల్లో చిన్న దీవి మీద కాపురమున్నవాళ్లకు వారంలో అసలైన రోజు రాజధాని మాలే నుంచి సరుకుల దోణీ వచ్చే రోజు. ఆ సాయంత్రం రేవు దగ్గర సగం ఊరు ఉంటుంది. ఉల్లిపాయల బస్తాలు, గుడ్ల అట్టలు, బియ్యం, సిమెంటు, గ్యాస్ బండలు, ఎవరిదో కొత్త వాషింగ్ మెషీన్, ఎవరి తల్లికో బీపీ మాత్రల పొట్లం, అన్నీ ఆ ఒక్క పడవలోంచే దిగాలి. అక్కడ ప్రతి ఇంటికీ ఒక పేరు పెట్టుకుంటారు. అట్టపెట్టెల మీద మార్కర్‌తో ఆ పేరూ, దీవి పేరూ రాసి ఉంటాయి. పడవ మీద కుర్రాళ్లు పేర్లు కేకలేస్తుంటే చక్రాల బండ్లు తోసుకుంటూ జనం ముందుకొస్తారు. చీకటి పడేలోగా పెట్టెలన్నీ ఇళ్లకు చేరిపోతాయి. మళ్లీ దోణీ వచ్చేదాకా దుకాణంలో ఏముంటే అదే.

మాల్దీవులంటే మనవాళ్ల కళ్లముందు మెదిలేవి నీళ్ల మీద కట్టిన గదులు, కొత్త జంటల ఫొటోలు. ఆ రిసార్టులు ఉండే దీవులు వేరు, జనం బతికే దీవులు వేరు. దాదాపు 1,190 దీవులున్న ఆ దేశంలో ఊళ్లున్నవి 200 కంటే తక్కువే. ఆ ఊళ్లలోని బడుల్లో వాళ్ల భాష దివేహి, ఇస్లాం తప్ప మిగతా పాఠాలు ఇంగ్లీషులోనే చెబుతారు. పై తరగతుల పిల్లలు కేంబ్రిడ్జి పరీక్షలు రాస్తారు. అందుకే ఎన్నో ఏళ్లుగా మన దేశం నుంచి టీచర్లు అక్కడికి వెళ్తున్నారు. కేరళవాళ్లు, తమిళులు ఎక్కువ. మనవాళ్లూ ఉన్నారు. ఉత్తరాన హా అలిఫ్ అటోల్‌లో ఒక చిన్న దీవిలో లెక్కలు చెప్పిన కొన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఒకటుంది: అవసరం రాకముందే దాన్ని పసిగట్టి ఏర్పాటు చేసుకోవడం. హైదరాబాదులో, విజయవాడలో ఈ విద్య మనకు అక్కర్లేకుండా పోయింది. కరివేపాకు కావాలంటే వీధి చివరికి వెళ్తే చాలు. దీవి మీద ఆ విద్య లేకపోతే రోజు గడవదు.

ముందు ఉల్లిపాయ సంగతి చెప్పాలి. ఆ ఇసుక నేలలో వరి పండదు, ఉల్లి పండదు. బియ్యం, పిండి, పంచదార, ఉల్లి, బంగాళదుంప, గుడ్లు, పప్పులు చాలావరకు మన దేశం నుంచే వెళ్తాయి. 1981లో రెండు దేశాల మధ్య కుదిరిన వాణిజ్య ఒప్పందం కింద ఏటా ఇంత అని కోటా ఉంటుంది. మన దగ్గర ఎగుమతులు ఆపేసిన రోజుల్లో కూడా ఆ కోటా సరుకు కదులుతూనే ఉంటుంది. తూత్తుకుడి నుంచి మాలేకు, మాలే గోదాముల నుంచి దోణీల మీద ఒక రాత్రీ, మర్నాటి పగట్లో చాలా భాగమూ ప్రయాణం చేసి మా దీవికి. ఇన్ని చేతులు మారిన ఉల్లిపాయ ఇంటికి రాగానే పళ్లెంలో పరిచి, మెత్తబడ్డవి విడిగా తీసి, వాటినే ముందు వండేయాలి. గట్టివి గాలి తగిలే బుట్టలో వేలాడదీయాలి. పక్కింటివాళ్లు ఇది చిన్నపిల్లలకు కూడా నేర్పుతారు. వారం చివర్లో కూర ఉంటుందా ఉండదా అన్నది ఆ పది నిమిషాల పనిలోనే తేలిపోతుంది.

దోణీ వస్తుందో రాదో ముందే తెలుసుకోవడం మరో పని. ఫోన్లో వాతావరణం చూడొచ్చు, దీవుల్లో నెట్‌వర్క్ బాగానే ఉంటుంది. పెద్దవాళ్లు మాత్రం నకై చూస్తారు. ఏడాదిని 27 భాగాలు చేసి, ఒక్కోదానికి పదమూడు పద్నాలుగు రోజులు కేటాయించిన పాత లెక్క అది. మన కార్తెల లెక్కే. ఏప్రిల్ 8 ప్రాంతంలో అస్సిదతో నైరుతి కాలం, డిసెంబరు 10 ప్రాంతంలో మూలతో ఈశాన్య కాలం మొదలవుతాయి. మన మృగశిర కార్తె వచ్చే రోజులకు అటూ ఇటూగా అక్కడ మియహెలి వస్తుంది. హైదరాబాదులో చేపల కోసం జనం బజారుకెళ్లే ఆ రోజుల్లోనే అక్కడ సముద్రం పోటెత్తి పడవలు రేవు దాటవు. రైతుబిడ్డనైన నాకు ఆ లెక్క వెంటనే వంటబట్టింది. రోహిణి దాటుతుండగానే పప్పు, నూనె, పాలపొడి రెండు దోణీలకు సరిపడా తెచ్చిపెట్టుకునేదాన్ని. మా ఇంటి యజమానురాలిని అందరిలాగే నేనూ దత్తా అనేదాన్ని, అంటే అక్కా అని. ఆవిడ నన్ను మిస్ అనేది. నా గట్టు మీది డబ్బాలు చూసి ఆవిడ తలూపితే ఆ నెలకు ఫరవాలేదని అర్థం.

అన్నిటికంటే పెద్ద లెక్క నీళ్లది. చుట్టూ సముద్రం ఉన్న చోట మంచినీళ్లు ఎక్కడుంటాయో చాలామంది ఆలోచించరు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలుతూ ఉంటుంది. మంచినీరు తేలిక కనుక అది పైనే నిలుస్తుంది. బావి లోతు మనిషెత్తు కూడా ఉండదు. పొడవాటి కర్రకు డబ్బా బిగించిన దానీతో ముంచుకోవడమే, గిలక, చేద అక్కర్లేదు. పాత ఇళ్లలో ఆ బావి గిఫిలిలో ఉంటుంది. గిఫిలి అంటే పైకప్పు లేని స్నానాల గది. చుట్టూ గోడ, పైన ఆకాశం, ఒక మూల అరటిచెట్టు. మోటారు పెట్టి అదేపనిగా తోడితే ఆ పలచటి పొర కింది ఉప్పునీరు పైకి లేస్తుంది. జనం పెరిగిన దీవుల్లో మురుగు కూడా ఆ పొరలోకే చేరింది. 2004 సునామీకి ఎన్నో దీవుల్లో బావులు ఉప్పుమయమయ్యాయి. ఆ తర్వాతే ఇంటింటా వాననీళ్ల ప్లాస్టిక్ ట్యాంకులు పెరిగాయి.

వాననీళ్లు పట్టడం ఒక పనితనం. ఎండాకాలం దాటాక పడే మొదటి వానను ట్యాంకులోకి వదలరు. కప్పు మీద దుమ్ము, ఆకులు, పక్షుల రెట్టలు కడుక్కుపోయేదాకా గొట్టాన్ని పక్కకు తిప్పి ఉంచుతారు. రెండో వానకో మూడో వానకో గొట్టం మూతికి పలచటి గుడ్డ కట్టి ట్యాంకులోకి పెడతారు. అర్ధరాత్రి వాన మొదలైనా దత్తా లేచి గొట్టం సర్దేది, నా తలుపు కూడా తట్టేది. ట్యాంకులో నీటిమట్టం ఎంతుందో వేళ్లతో తట్టి, మోతను బట్టి చెప్పేది. బావినీళ్లు, వాననీళ్లు దేనికి దేన్ని వాడాలో నాకు కందిపప్పు నేర్పింది. సున్నం నిండిన బావినీళ్లలో పప్పు ఎంతసేపున్నా పలుకు పోదు, కుక్కర్ ఎన్ని కూతలు వేసినా అంతే. వాననీళ్లు పోస్తే మెత్తగా వెన్నలా ఉడుకుతుంది. సబ్బుదీ అదే వరస, బావినీళ్లకు నురగ రాదు. కాబట్టి తాగడానికి, పప్పుకు, టీకి వాననీళ్లు. స్నానానికి, అంట్లకు బావినీళ్లు. ఆఖరిసారి తల కడుక్కోవడానికి ఒక్క చెంబు వాననీళ్లు.

ఇప్పుడు చాలా దీవుల్లో సముద్రపు నీటిని శుద్ధిచేసే ప్లాంట్లు, కుళాయిలు వచ్చాయి. మన దేశం ఇచ్చిన రుణంతో 28 దీవుల్లో కట్టిన మంచినీటి, మురుగునీటి పథకాలను 2024 ఆగస్టులో అప్పగించారు. ఆ వార్త చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఆ దీవుల్లో నీళ్లు మోసినవాళ్లకే తెలుస్తుంది. అయినా కుళాయిని నమ్ముకుని ట్యాంకు ఎండబెట్టుకోకూడదు. 2014 డిసెంబరులో రాజధాని మాలేలోనే నీటి ప్లాంటుకు నిప్పంటుకుంటే నగరం నగరమంతా దాహంతో అల్లాడింది. మన విమానాలు, నౌకలు నీళ్లు పట్టుకెళ్లాయి. రాజధానికే ఆ గతి పట్టినప్పుడు ఒక రాత్రీ పగలూ ప్రయాణం దూరంలో ఉన్న దీవి సంగతి వేరే చెప్పాలా?

ఉప్పుగాలి గురించి ఒక్క మాట. ఇనుమన్నది ఏదీ నిలవదు. మిక్సీ, లాప్‌టాప్, కుట్టుమిషను వాడనప్పుడు గుడ్డకప్పి, మూతగట్టి ఉంచాలి. ప్లగ్గులు చాలాచోట్ల చదరపు కాళ్లవి, మన గుండ్రటి కాళ్లవి పట్టవు. అడాప్టర్లు ఇంటినుంచే తీసుకెళ్లడం మేలు.

తిండికి చేప తినేవాళ్లకు లోటు లేదు. పొద్దున పట్టిన ట్యూనా సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. ఆ చేప ఉడికించిన నీళ్లే గరుదియ, దాన్ని గంటల తరబడి మరగనిచ్చి గోధుమరంగు ముద్దగా చేస్తే రిహాకురు. అన్నంలో రిహాకురు, నిమ్మరసం, గితెయో మిరపకాయ కలుపుకుంటే ఆవకాయ కోసం బెంగపడాల్సిన పని ఉండదని నా నమ్మకం. శాకాహారులకు కొంచెం కష్టమే, కానీ అసాధ్యం కాదు. మునగాకు, కరివేపాకు, గుమ్మడి, బొప్పాయి, అరటి దీవుల్లోనే పెరుగుతాయి, కొబ్బరి సంగతి చెప్పక్కర్లేదు. మన చింతపండు, మెంతులు, ఇంగువ, ఎండుమిర్చి మాత్రం సెలవులకు వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా కట్టుకోవాలి. దత్తా మునగాకు పంపిన గిన్నెలో నేను పులిహోర పెట్టి పంపేదాన్ని. ఆ ఇచ్చిపుచ్చుకోవడమే నాకు అక్కడ బీమా. దుకాణంలో గుడ్లు అయిపోయిన వారం ఎవరి దొడ్లో కోళ్లున్నాయో తెలిసుండాలి, వాళ్లకు మనమూ తెలిసుండాలి.

పరాయి దేశంలో ఉన్నామన్న ఎరుక మరో ముఖ్యమైన సంగతి. అది పూర్తిగా ముస్లిం దేశం. శుక్ర, శనివారాలు సెలవు. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన వేళ దుకాణాలు మూసేస్తారు. రంజాన్ నెలలో పగలు నలుగురిలో తినకూడదు, తాగకూడదు. పూజా విగ్రహాలు దేశంలోకి తేవడాన్ని కస్టమ్స్ నిషేధించింది. దేవుడి పటం లేకుండా ఎలా అని బాధపడేవాళ్లు ఆ ఉద్యోగానికి వెళ్లకపోవడమే మంచిది. నా మట్టుకు నాకు కళ్లు మూసుకుని దండం పెట్టుకోవడానికి ఏ అడ్డూ రాలేదు. ఇఫ్తార్ వేళ దత్తా పంపే పళ్లాలను నేను అంతే భక్తితో అందుకున్నాను.

డబ్బు పంపడం అన్నిటికంటే విసుగు పుట్టించే వ్యవహారం. రుఫియా విలువను డాలరుకు 15.42 దగ్గర పట్టి ఉంచుతారు. దేశానికి డాలర్లు తెచ్చేది పర్యాటకం, అడిగినన్ని డాలర్లు బ్యాంకుల్లో దొరకవు. బయట కొంటే రేటు ఎక్కువ. జీతం రుఫియాల్లో వచ్చి, ఇంట్లో అప్పు రూపాయల్లో ఉన్నవాళ్లకు ఈ తేడా నెలనెలా కోతే. అందుకే ఇంటి వాయిదాలకు కనీసం మూణ్ణెల్ల సొమ్ము ఇక్కడి ఖాతాలో ఉంచి బయలుదేరాలి.

ఇక జబ్బు. చిన్న దీవిలో ఆరోగ్య కేంద్రం ఉంటుంది, డాక్టరు ఉంటారు, జ్వరానికీ దెబ్బకూ సరిపోతుంది. ఆపరేషను, కష్టమైన కాన్పు, గుండెనొప్పి అయితే పెద్ద దీవికో, మాలేలో మన దేశ సాయంతో కట్టి 1995లో తెరిచిన ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రికో వెళ్లాలి. సముద్రం మీద దిగే విమానాలు చీకట్లో ఎగరవు. రాత్రిపూట దిక్కు స్పీడ్‌బోటే, అలలు ఒప్పుకుంటేనే. మా బడిలో తోటి టీచరమ్మకు ఒక రాత్రి కడుపునొప్పి వచ్చినప్పుడు బోటు నడిపే కుర్రాడు, ఆరోగ్య కేంద్రం నర్సు, బడి హెడ్మాస్టరు అరగంటలో రేవులో ఉన్నారు. కుల్హుదుఫుషి ఆసుపత్రికి చేరేదాకా పడవ ఎగిరెగిరి పడుతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ కోలుకుంది. అందుకే చెబుతున్నాను, పన్ను నొప్పి నుంచి పాత పుండు దాకా అన్నీ ఇక్కడే చూపించుకుని వెళ్లండి. రోజూ వేసుకునే మందులుంటే డాక్టరు చీటీతో సహా పట్టుకెళ్లండి. కొన్ని నొప్పి మాత్రలు, నిద్రమాత్రల మీద అక్కడ కఠినమైన ఆంక్షలున్నాయి, ముందే అనుమతి కనుక్కోవాలి.

ఈ ఉద్యోగాలకు పిల్లల్ని పంపే ఏజెంట్లు జీతం అంకె, సముద్రం ఫొటో చూపిస్తారు. చాలామంది ఆ రెండూ చూసే సంతకం పెడతారు. వెళ్లదలుచుకున్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే: సంతకానికి ముందే దీవి పేరు అడగండి. చెప్పకపోతే పెట్టకండి. పేరు తెలిశాక అక్కడ పనిచేస్తున్న భారతీయ టీచరు ఫోన్ నంబరు సంపాదించి, తాగునీరు ఎక్కడిది, దోణీ ఎన్ని రోజులకొకసారి వస్తుంది, ఆసుపత్రి ఎంత దూరం, జీతం ఏ కరెన్సీలో ఇస్తారు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది అని అడిగి తెలుసుకోండి. పది నిమిషాల ఫోన్ కాల్ అది. అక్కడున్నవాళ్లు ఎవరైనా సరే, విసుక్కోకుండా చెబుతారు.